సొంత ఒంటిని కొట్టకుండా చూసేది థైమసే అంటున్నారు, మరి దాన్నే తీసేయమంటారేంది?

కావలి_కుర్రోడు | కావలి

అందరికీ నమస్కారం. మా చెల్లెలికి ఇరవై తొమ్మిదేళ్ళు. కొన్ని నెలలుగా సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి, ఒకటి రెండుగా కనబడుతోంది, అన్నం నమలడానికి కూడా ఓపిక ఉండటం లేదు. ముందు నిద్ర చాలక అనుకున్నాం. తర్వాత కళ్ళజోడు మార్పించాం. చివరికి నెల్లూరు పొగతోటలో నరాల డాక్టరు చూసి, రక్తపరీక్ష చేయించి, మయస్థీనియా గ్రావిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే కండరాల మీద పడుతోందట. పైరిడోస్టిగ్మిన్ మాత్రలతో కొంచెం తేరుకుంది. ఛాతీ స్కాన్ చూసి, థైమస్ గ్రంథి ఉబ్బి ఉంది, తీసేస్తే మంచిది, మద్రాసులో చేయించుకోండి అన్నారు.

నేను చదివింది బీకాం. నెట్‌లో చూస్తే థైమస్ చేసే పనే మన కణాలు మనల్ని కొట్టకుండా చూడటం అని రాశారు. అలాంటిదాన్ని తీసేస్తే రోగం ఇంకా ముదరదా? ఇంట్లో అమ్మకు ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

చీమకుర్తి_రాయి | చీమకుర్తి

తమ్ముడూ, భయపడాల్సిన పనేం లేదు. థైమస్ చిన్నపిల్లల్లోనే పెద్దగా ఉంటుంది. వయసొచ్చాక కొవ్వు పట్టి కుంచించుకుపోతుంది. మా బావమరిది గుండె ఆపరేషన్‌లో అడ్డం వచ్చిందని దాన్ని తీసేశారు. బ్రహ్మాండంగా తిరుగుతున్నాడు. పెద్దయ్యాక దానితో పనే లేదు.

ఉదయగిరి_కొండ | ఉదయగిరి

ఆపరేషన్ దాకా ఎందుకండీ? ముందు ఇమ్యూనిటీ పెంచాలి. తిప్పతీగ రసం పరగడుపున నెలరోజులు తాగించండి. మా ఊరి కొండ మీద కావలసినంత దొరుకుతుంది. కావాలంటే నేనే పంపిస్తాను, డబ్బులేం వద్దు.

ల్యాబ్_అన్న | నెల్లూరు

ఉదయగిరి అన్నా, మీ మంచి మనసుకు దండం. కానీ ఈ జబ్బులో ఇమ్యూనిటీ తక్కువై కాదు, దారి తప్పి బాధ పెడుతోంది. దాన్ని ఇంకా రెచ్చగొట్టడం ఎందుకు? తిప్పతీగ విషయంలోనే 2021లో ముంబయి డాక్టర్లు ఒక వ్యాసం రాశారు. అది వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతింది, సొంత రక్షణ కణాలే కాలేయాన్ని కొట్టే జబ్బు లక్షణాలు కనబడ్డాయి అని. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, అదీ నిజమే. అయినా ఇప్పటికే ఆటోఇమ్యూన్ జబ్బు, అంటే సొంత ఒంటినే కొట్టే జబ్బు, ఉన్న మనిషికి అలాంటి ప్రయోగం వద్దు. కరోనా అప్పుడు కృష్ణపట్నంలో మందు కోసం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరిన జిల్లా మనది. ఇమ్యూనిటీ అనే మాట వినబడితే చాలు, చెయ్యి చాపేస్తాం.

కావలి తమ్ముడూ, చెల్లెమ్మ రిపోర్టులో అసిటైల్ కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ పాజిటివ్ అని ఉందా, లేక మస్క్ యాంటీబాడీ అని ఉందా? యాంటీబాడీ అంటే రక్షణ వ్యవస్థ తయారు చేసి రక్తంలోకి వదిలే ప్రొటీన్. ఈ జబ్బులో అది కండరం మీదే పడుతుంది. రెండిట్లో ఏదో చూసి చెప్పు. ఆపరేషన్ మాటకు అది ముఖ్యం.

బైపీసీ_మేడం | ఒంగోలు

ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను, డాక్టర్ని కాను. వైద్యం సంగతి మీ డాక్టరుగారిదే. థైమస్ ఏం చేస్తుందో మాత్రం చెప్పగలను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన రెండు తమ్మెలుగా ఉంటుంది థైమస్. టీ కణాలు అనే రక్షణ కణాలు పుట్టేది ఎముక మూలుగలో, తయారయ్యేది మాత్రం ఇక్కడ. మూలుగ నుంచి రక్తంలో కొట్టుకొచ్చిన లేతకణం ఇక్కడికి చేరాక తన గ్రాహకాన్ని తయారు చేసుకుంటుంది. గ్రాహకం అంటే ఎదుటి కణం మీద ఏముందో తడిమి చూసే అణువు. దాన్ని చేసే జన్యువు వరసగా రాసి ఉండదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ప్రతి కణమూ ఆ ముక్కల్లో కొన్నిటిని ఏరి, కత్తిరించి, అతికించుకుంటుంది. ఏ ముక్క ఏ ముక్కతో కలుస్తుందో ముందుగా ఎవరూ నిర్ణయించరు. అందుకే ఒక్కో కణానికి ఒక్కో రకం గ్రాహకం, మొత్తం మీద కోట్ల రకాలు.

ఇంత గందరగోళం దేనికి? రేపు ఏ వైరస్ వస్తుందో శరీరానికి తెలియదు. మన తాతముత్తాతలు చూడని క్రిమి రావచ్చు. అన్ని రకాలూ తయారుగా ఉంటే ఏదో ఒకటి తగులుతుంది. చిక్కేమిటంటే, ఎలా పడితే అలా తయారైన గ్రాహకాల్లో కొన్ని మన ఇన్సులిన్‌కు అతుక్కుంటాయి, కొన్ని మన కండరానికి, కొన్ని మన థైరాయిడ్‌కు. ఆ కణాలను బయటికి వదిలితే కొంప మునిగినట్టే. వాటిని ఏరేసేది థైమస్.

ఏరివేత రెండు చోట్ల జరుగుతుంది. కార్టెక్స్ అనే బయటి భాగంలో, మన కణాల మీద ఉండే ఎంహెచ్‌సీ అణువులను ఈ టీ కణం కాస్తయినా గుర్తుపడుతుందా అని తేలుతుంది. టీ కణం క్రిమిని ఊరికే చూడలేదు, ఎంహెచ్‌సీ పట్టుకుని చూపించిన ముక్కనే చూడగలదు. 1974లో కాన్‌బెరాలో జింకర్నాగెల్, డోహర్తీ ఈ సంగతి పట్టుకున్నారు, 1996లో నోబెల్ వచ్చింది. ఎంహెచ్‌సీని అసలే పట్టుకోలేని కణం ఎందుకూ కొరగాదు. దాన్ని ఎవరూ చంపక్కర్లేదు, బతకమనే సంకేతం అందక అదే చచ్చిపోతుంది. ఎక్కువ కణాలు రాలిపోయేది ఇక్కడే.

మిగిలినవి మెడుల్లా అనే లోపలి భాగానికి వస్తాయి. అక్కడ ప్రశ్న తిరగబడుతుంది. మన సొంత ప్రొటీన్ ముక్కలు చూపిస్తే మరీ గట్టిగా అంటుకుంటున్నావా? అంటుకుంటే చావు. ఎలుక మీద లెక్కలు కట్టారు: వయసులో ఉన్న ఎలుక థైమస్‌లో రోజుకు దాదాపు 5 కోట్ల కొత్త కణాలు పుడితే, బయటికి వెళ్ళేవి 10 నుంచి 20 లక్షలు. నూటికి రెండో నాలుగో.

మార్కాపురం_పలక | మార్కాపురం

బలే చెప్పారు మేడం. అంటే మా టెన్త్ పరీక్షల్లాగానే, రెండు పేపర్లు. మొదటి పేపర్లో కనీసం పాస్ మార్కులు రావాలి, రెండో పేపర్లో మరీ ఎక్కువ వచ్చినా ఫెయిలే! మా పిల్లలకు చెబితే రెండోది హాయిగా రాస్తారు.

బైపీసీ_మేడం | ఒంగోలు

మాస్టారూ, నేను కూడా క్లాసులో ఇలాగే మొదలుపెడతాను, తర్వాత దాన్ని నేనే విరగ్గొడతాను. పరీక్ష తప్పిన పిల్లాడు చదువుకుని సప్లిమెంటరీ రాస్తాడు. టీ కణం చదవదు. మెడుల్లాకు వచ్చేసరికి దాని గ్రాహకం ఖరారైపోయి ఉంటుంది. ఇష్టం వచ్చినట్టు మార్చుకోవడం కుదరదు. థైమస్ కణాలకు నేర్పిస్తుంది అని పుస్తకాల్లో రాస్తారు గానీ, అక్కడ జరిగేది బోధన కాదు, ఏరివేత. తప్పు గ్రాహకం ఉన్న కణానికి బుద్ధి చెప్పరు, లేకుండా చేస్తారు. 1987లో క్యాప్లర్, మారాక్ దంపతులు ఎలుకల్లో ఫలానా గ్రాహకం ఉన్న కణాలు థైమస్‌లోనే మాయమవుతున్నాయని చూపించారు. అంతకుముందు అది ఊహే.

పెన్నాతీరం | కోవూరు

మేడం, నాకొక అనుమానం. థైమస్ ఛాతీలో ఉంది. ఇన్సులిన్ క్లోమంలో తయారవుతుంది. థైరాయిడ్ ప్రొటీన్ గొంతులో. కంటి ప్రొటీన్ కంట్లో. ఛాతీలో కూర్చున్న థైమస్ ఇవన్నీ ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది?

బైపీసీ_మేడం | ఒంగోలు

అసలు ప్రశ్న అడిగారు. శాస్త్రవేత్తలు దీని దగ్గర చాలా ఏళ్ళు ఆగిపోయారు. కొన్ని రక్తంలో కొట్టుకొస్తాయి, నిజమే. అన్నీ రావు కదా.

మెడుల్లాలోని ఎపిథీలియల్ కణాలకు ఒక వింత అలవాటుంది. వాటికి ఏ సంబంధమూ లేని జన్యువులను తెరిచి, ఆ ప్రొటీన్లను కొద్దికొద్దిగా తయారు చేస్తాయి. ఇన్సులిన్, థైరాయిడ్ ప్రొటీన్, కంటి రెటీనా ప్రొటీన్, అన్నీ అక్కడే. వాడుకోవడానికి కాదు, చూపించడానికి. ఇందులో చాలా జన్యువులను తెరిపించేది ఎయిర్ అనే ఇంకో జన్యువు. 1997లో దాన్ని కనిపెట్టినప్పుడు ఒక అరుదైన జబ్బుకు కారణంగా దొరికింది. ఆ జబ్బు ఉన్న పిల్లలకు పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటాయి, నోట్లో ఫంగస్ పట్టి వదలదు. ఫిన్లాండ్‌లో, సార్డీనియా దీవిలో ఎక్కువగా కనబడుతుంది. ఒక్క జన్యువు చెడితే ఇన్ని గ్రంథుల మీద దాడి ఎందుకు? 2002లో ఎలుకల్లో ఎయిర్ తీసేసి చూస్తే జవాబు దొరికింది. థైమస్ ఆ ప్రొటీన్లు చూపించడం మానేసింది, వాటిని కొట్టే కణాలు తప్పించుకుని బయటపడ్డాయి. ఎలుకలో ఎయిర్ తెరిపించే జన్యువులు వేలల్లో ఉంటాయి.

2022లో ఇంకో ముచ్చట బయటపడింది. థైమస్‌లో కొన్ని కణాలు ఏకంగా వేషమే మారుస్తాయి. ఒకటి కండర కణంలా, ఒకటి చర్మ కణంలా, ఒకటి పేగు కణంలా. వంద ఏళ్ళ కిందటే సూక్ష్మదర్శినిలో చూసినవాళ్ళు థైమస్‌లో కండరంలాంటి కణాలున్నాయని బొమ్మలు గీసి పెట్టారు. ఎందుకున్నాయో అప్పుడెవరికీ తోచలేదు. ఈ కండరంలాంటి కణాల సంగతి గుర్తుంచుకోండి, కావలి తమ్ముడి ప్రశ్నకు పనికొస్తుంది.

పొదిలి_నాన్న | పొదిలి

చదువుతుంటే గుండె బరువెక్కింది. మావాడికి ఏడేళ్ళ వయసులో టైప్ 1 షుగర్ వచ్చింది. ఇన్సులిన్ సూదులతో బతుకుతున్నాడు. పక్కింటివాళ్ళ దగ్గర్నుంచి చుట్టాల దాకా అందరూ మీరే స్వీట్లు పెట్టి తెచ్చారు అన్నారు. మా ఆవిడ ఇప్పటికీ అదే నమ్ముతుంది. ఇందులో కూడా ఈ థైమస్ సంగతి ఉందా మేడం?

బైపీసీ_మేడం | ఒంగోలు

ఉందండీ. ముందు మీ ఆవిడకు ఈ మాట చదివి వినిపించండి: టైప్ 1 షుగర్ స్వీట్లు తింటే వచ్చేది కాదు. టీ కణాలు క్లోమంలోని ఇన్సులిన్ కణాలను చంపడం వల్ల వస్తుంది.

1997లోనే రెండు బృందాలు విడివిడిగా ఒకే సంగతి చెప్పాయి. ఇన్సులిన్ జన్యువు పక్కన ఉండే ఒక డీఎన్ఏ ముక్క కొందరిలో పొట్టిగా, కొందరిలో పొడుగ్గా ఉంటుంది. పొడుగు రకం ఉన్నవాళ్ళ థైమస్‌లో ఇన్సులిన్ రెండు మూడు రెట్లు ఎక్కువగా తయారవుతుంది. వాళ్ళకు టైప్ 1 వచ్చే అవకాశం తక్కువ. పొట్టి రకంలో థైమస్ ఇన్సులిన్‌ను తక్కువగా చూపిస్తుంది, దాన్ని కొట్టే కణాలు ఎక్కువగా తప్పించుకుంటాయి. ఇదొక్కటే కారణం కాదు, ఎంహెచ్‌సీ రకానికి ఇంతకంటే పెద్ద పాత్ర ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. మిఠాయి మాత్రం అందులో లేదు.

పొదిలి_నాన్న | పొదిలి

వినిపించానండి. ఏం మాట్లాడలేదు. మళ్ళీ చదవమంది. థాంక్స్ మేడం.

కావలి_కుర్రోడు | కావలి

ల్యాబ్ అన్నా, రిపోర్టు చూశాను. అసిటైల్ కోలిన్ రిసెప్టర్ పాజిటివ్. మస్క్ చేయించలేదు. స్కాన్‌లో గడ్డ లేదు, గ్రంథి పెరిగి ఉంది అని రాశారు.

మేడం, మీరు చెప్పింది మూడుసార్లు చదివాను. భయం ఇంకా పెరిగింది. ఏరేసే చోటే తీసేస్తే ఎట్లా?

ల్యాబ్_అన్న | నెల్లూరు

ఇప్పుడు మేడం చెప్పిన కండరంలాంటి కణాల దగ్గరికి రా తమ్ముడూ. వాటి మీద అసిటైల్ కోలిన్ రిసెప్టర్ ఉంటుంది. నరం నుంచి వచ్చే సంకేతాన్ని కండరం అందుకునేది దానితోనే. మామూలుగా థైమస్ దాన్ని చూపించి, దాన్ని కొట్టే టీ కణాలను ఏరేయాలి. చెల్లెమ్మలాంటి వయసులో, అదీ ఆడపిల్లల్లో ఎక్కువగా వచ్చే ఈ రకంలో, థైమస్ లోపలే మంట మొదలవుతుంది. బీ కణాలు అనే ఇంకో రకం రక్షణ కణాలు అక్కడ గుంపులు కట్టి కూర్చుంటాయి. అవి థైమస్‌లో అంత సంఖ్యలో ఉండకూడదు. కండరంలాంటి కణాలు కళ్ళెదుటే ఉంటాయి కాబట్టి, ఆ బీ కణాలు ఆ రిసెప్టర్ మీదే యాంటీబాడీలు తయారు చేయడం మొదలుపెడతాయి. స్కాన్‌లో ఉబ్బి కనబడేది ఆ గుంపుల వల్లే. మంచి పని చేయడం వల్ల ఉబ్బింది కాదు. డాక్టర్లు తీసేది యాంటీబాడీలు తయారయ్యే ఆ చోటును.

ఉత్త ఊహ కాదు ఇది. 2016లో వచ్చిన పరీక్షలో గడ్డ లేని 126 మంది మయస్థీనియా రోగులను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి థైమస్ తీసి స్టెరాయిడ్ ఇచ్చారు, రెండో భాగానికి స్టెరాయిడ్ ఒక్కటే. మూడేళ్ళపాటు చూస్తే ఆపరేషన్ అయినవాళ్ళలో బలహీనత తక్కువ, స్టెరాయిడ్ మోతాదు కూడా తక్కువ సరిపోయింది. వాళ్ళందరూ చెల్లెమ్మలాగా రిసెప్టర్ పాజిటివ్‌లే. మస్క్ రకంలో అయితే ఈ ఆపరేషన్ వల్ల లాభం ఉంటుందని తేలలేదు, అందుకే ముందు అది అడిగాను. ఆపరేషన్ అయిన మర్నాడే తగ్గుతుందని మాత్రం అనుకోవద్దు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు.

ఇంకోటి, ఇది మర్చిపోవద్దు. జ్వరమొచ్చిందని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే ముందు ఈ జబ్బు పేరు చెప్పాలి. జెంటామైసిన్ లాంటి సూదులు, సిప్రోఫ్లాక్సాసిన్ రకం మాత్రలు, మెగ్నీషియం ఎక్కించడం, కొన్ని బీపీ మాత్రలు ఈ జబ్బును ఒక్కసారిగా ముదరబెడతాయి. కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోమను. ఊపిరి ఆడకపోయినా, మింగుడు పడకపోయినా పొద్దున చూద్దాంలే అనుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

చీమకుర్తి_రాయి | చీమకుర్తి

నేను ముందే చెప్పాను కదా, పెద్దయ్యాక థైమస్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అని.

బైపీసీ_మేడం | ఒంగోలు

అలా తేల్చేయకండి అన్నగారూ. థైమస్‌ను తేలిగ్గా చూడటం వల్ల ఒకప్పుడు పెద్ద అనర్థమే జరిగింది. పసిపిల్లలు ఉన్నట్టుండి నిద్రలో చనిపోతే, కోసి చూసినవాళ్ళకు పెద్ద థైమస్ కనబడేది. అదే గొంతు నొక్కి చంపిందని తీర్మానించారు. 1907 నుంచి అమెరికాలో పసివాళ్ళ ఛాతీకి ఎక్స్‌రే పెట్టి థైమస్‌ను కుదించడం మొదలుపెట్టారు, ముందు జాగ్రత్త అని ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా. తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. వైద్య కళాశాలల్లో కోసే శవాలు ఎక్కువగా బీదవాళ్ళవి. తిండి లేక, జబ్బుతో తీసుకుని చనిపోయినవాళ్ళవి. అలాంటి ఒంట్లో ముందుగా ఎండిపోయేది థైమస్సే. ఆ ఎండిన దాన్నే మామూలు సైజు అనుకున్నారు. బాగా తిని పెరిగిన బిడ్డలో ఉండాల్సినంత ఉంటే జబ్బు అన్నారు. 1950లో చూసుకుంటే ఆ ఎక్స్‌రేలు తిన్న పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడుతున్నాయి. బీదవాడి ఒంటిని కొలతగా పెట్టుకుని కలిగినవాడి బిడ్డకు వైద్యం చేశారు. నాకు ఈ కథ ఎప్పుడు చెప్పినా కోపం వస్తుంది.

దాని పని ఏమిటో తెలిసింది 1961లో. జాక్ మిల్లర్ లండన్‌లో ఎలుకల రక్త క్యాన్సర్ మీద పనిచేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు థైమస్ తీసేశాడు. అంతకుముందు పెద్ద ఎలుకలకు తీసి చూసి ఏమీ కాలేదు కాబట్టి పనికిరాని అవయవం అనుకున్నారు, మీలాగానే. పుట్టగానే తీసేసరికి ఆ పిల్లలు చిక్కి శల్యమై, అంటువ్యాధులతో చచ్చిపోయాయి. వేరే ఎలుక చర్మం అతికిస్తే ఏ గొడవా లేకుండా ఒప్పుకున్నాయి. ఎప్పుడు తీశారన్నదాని మీదే అంతా ఉంది.

ఇంకా వింత ఉంది. పుట్టిన మూడో రోజున తీస్తే అంటువ్యాధులు కాదు, ఆటోఇమ్యూన్ జబ్బులు వచ్చాయి. అండాశయం, థైరాయిడ్, కడుపు దెబ్బతిన్నాయి. జపాన్‌లో 1969 నుంచి చూస్తూ వచ్చారు దీన్ని. ఎందుకు? థైమస్ చంపేవి, వదిలేవి కాక, ఇంకో రకం కణాలనూ తయారు చేస్తుంది. సొంత ప్రొటీన్‌కు కాస్త గట్టిగా అంటుకునేవాటిలో కొన్నిటిని చంపకుండా, మిగతావాటిని అదుపు చేసే రకంగా మారుస్తుంది. వీటిని రెగ్యులేటరీ టీ కణాలు అంటారు. ఎలుకలో ఇవి థైమస్ నుంచి బయటికి రావడం కాస్త ఆలస్యం. మూడో రోజుకు కొట్టేవి బయటికి వచ్చేశాయి, అదుపు చేసేవి ఇంకా రాలేదు. షిమోన్ సకాగుచి ఆ ఎలుకలకే ఆరోగ్యంగా ఉన్న ఎలుక టీ కణాలు ఎక్కిస్తే జబ్బు ఆగింది. 1995లో ఆయన ఆ కణాలను గుర్తుపట్టాడు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వాటిని నడిపించే ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకున్నారు. 2025 వైద్య నోబెల్ ఈ ముగ్గురికే.

కావలి తమ్ముడూ, నీ భయానికి జవాబు ఇందులో ఉంది. నీ భయం మూడు రోజుల ఎలుకపిల్ల విషయంలో అక్షరాలా నిజం. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషిలో కొట్టేవీ, అదుపు చేసేవీ రెండూ ఎప్పుడో బయటికి వచ్చి, ఒంట్లో తమ సంతానాన్ని పెంచుకుంటూ ఉంటాయి. ఏరివేతలో ఎక్కువ భాగం చిన్నప్పుడే అయిపోయింది.

పెన్నాతీరం | కోవూరు

అయితే మేడం, పెద్దవాళ్ళలో తీసేస్తే అసలు నష్టమే లేదంటారా? చీమకుర్తి అన్న బావమరిది సంగతి అడుగుతున్నా.

ల్యాబ్_అన్న | నెల్లూరు

నేను చెబుతా. 2023లో అమెరికాలో ఒక ఆసుపత్రి పాత రికార్డులు తిరగేసింది. గుండె దగ్గర ఆపరేషన్లలో థైమస్ తీసేసిన పెద్దవాళ్ళను, అలాంటి ఆపరేషనే అయి థైమస్ ఉన్నవాళ్ళతో పోల్చింది. ఐదేళ్ళలో చనిపోయినవాళ్ళు తీసేసిన గుంపులో 8.1 శాతం, మిగతా గుంపులో 2.8 శాతం. క్యాన్సర్లు కూడా తీసేసిన గుంపులో ఎక్కువ. ఇది రికార్డుల లెక్క. చీటీలు తీసి రెండు గుంపులు చేసిన పరీక్ష కాదు, కాబట్టి థైమస్ వల్లే అని ముద్ర వేయలేం. పెద్దయ్యాక దానితో పనే లేదన్న మాట మాత్రం ఇక చెల్లదు. అడ్డం వచ్చిందని తీసేయడం వేరు, జబ్బుకు మూలం అక్కడుందని తీయడం వేరు. చెల్లెమ్మది రెండోది. ఆపరేషన్ చేసే సర్జన్‌ను ఈ ప్రశ్న నేరుగా అడుగు, తప్పేం లేదు.

చీమకుర్తి_రాయి | చీమకుర్తి

ఇదిగో, ఇప్పుడు మా బావమరిదికి ఫోన్ చేసి ఏం చెప్పమంటారు?

ల్యాబ్_అన్న | నెల్లూరు

బీడీలు మానేయమని చెప్పన్నా. దానికి థైమస్ అక్కర్లేదు.

ఒంగోలు_గిత్త | కొత్తపట్నం

పశువైద్యశాలలో పనిచేసి రిటైరయ్యాను. నా వంతు ఒకటి. ఈ సహనం సంగతి, అంటే ఒళ్ళు తనదాన్ని తాను కొట్టకుండా ఊరుకోవడం, మొదట బయటపెట్టింది ఆవులే. ఎవరూ చెప్పలేదు, నాకు కష్టమనిపించింది.

ఆవు కవలల్ని ఈనితే, ఒకటి కోడె, ఒకటి పెయ్య అయితే, ఆ పెయ్య ఎక్కువగా చూలు కట్టదు. రైతులందరికీ తెలుసు, సంతలో దాని ధరే వేరు. కారణం, కడుపులో ఉండగానే రెండిటి మాయలు కలిసిపోయి, ఒకదాని రక్తం ఇంకోదానికి పోతుంది. కోడె వైపు నుంచి వచ్చే సంకేతాలు పెయ్య గర్భాశయాన్ని సరిగా పెరగనీయవు. 1945లో రే ఓవెన్ అనే ఆయన ఇలాంటి కవలల రక్తం పరీక్ష చేస్తే, ఒక్కో పశువులో రెండు రకాల రక్తం ఉంది. తనదీ, తోడబుట్టినదానిదీ. పెద్దయ్యాక కూడా పోలేదు. పరాయి రక్తాన్ని ఒళ్ళు తిరగ్గొట్టాలి కదా, ఎందుకు ఊరుకుంది? పిండంగా ఉన్నప్పుడే చూసింది కాబట్టి తనదే అనుకుంది.

ఇది చదివే ఆస్ట్రేలియాలో బర్నెట్, సొంతం పరాయి అనే తేడా పుట్టుకతో రాదు, తయారయ్యేటప్పుడు ఏర్పడుతుంది అని 1949లో రాశాడు. ఇంగ్లండ్‌లో మెడవార్ కవల దూడలకు ఒకదాని చర్మం ఇంకోదానికి అతికించి చూశాడు, పట్టుకుంది. తర్వాత 1953లో ఎలుకల్లో రుజువు చేశాడు. 1960లో ఇద్దరికీ నోబెల్. థైమస్ సంగతి అప్పటికింకా ఎవరికీ తెలియదు చూడండి, మరుసటేడు మిల్లర్ వచ్చాడు.

మన ఒంగోలు దూడలో థైమస్ ఛాతీలోనే కాదు, మెడ పొడుగునా గొంతు దాకా ఉంటుంది. చనిపోయిన లేగదూడను కోసి చూసినప్పుడల్లా నాకు ముందు కనబడేది అదే. మేత లేక చిక్కిన దూడలో వెతుక్కోవాలి. మేడం చెప్పిన ఎక్స్‌రే కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

కందుకూరు_అమ్మ | కందుకూరు

మా మనవరాలికి పుట్టుకతో గుండెలో రంధ్రం. ఆరో నెలలో ఆపరేషన్ అయింది. థైమస్ కొంత తీశామని కాగితంలో ఉంది. ఇదంతా చదివాక నిద్ర పట్టేట్టు లేదు. టీకాలు వేయించవచ్చా?

బైపీసీ_మేడం | ఒంగోలు

అమ్మా, కంగారు పడకండి. పసిపిల్లల గుండె ఆపరేషన్లలో గుండె కనబడాలంటే థైమస్ కొంతో చాలావరకో తీయక తప్పదు, ప్రపంచమంతా చేస్తున్నారు. మనిషి బిడ్డ ఎలుకపిల్లలా కాదు. పుట్టేనాటికే టీ కణాలు, అదుపు చేసే రకంతో సహా, ఒళ్ళంతా సర్దుకుని ఉంటాయి. అందుకే ఆ పిల్లలు మామూలుగానే పెరుగుతారు. పరీక్షల్లో టీ కణాల సంఖ్య కాస్త తక్కువగా కనబడుతుంది. అసలు థైమస్సే లేకుండా పుట్టడం వేరు, అది చాలా అరుదు. అలాంటి పిల్లలకు, థైమస్ ముక్కను ల్యాబ్‌లో పెంచి తొడ కండరంలో అతికించే చికిత్సకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. తొడలో కూర్చుని కూడా అది టీ కణాలను తయారు చేస్తుంది!

పాపాయిని చూసే పిల్లల డాక్టరుకు ఆ కాగితం చూపించండి. ఒక్క సంగతి అడగండి: ఇరవై రెండో క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించే డీజార్జ్ సిండ్రోమ్ పరీక్ష చేశారా అని. కొన్ని రకాల గుండె లోపాలున్న పిల్లల్లో అది కనబడుతుంది. పిండంలో థైమస్, కింది పారాథైరాయిడ్ గ్రంథులు ఒకే చోట నుంచి పుడతాయి కాబట్టి అలాంటి పిల్లల్లో కాల్షియం కూడా తగ్గుతుంది. అది లేదని తేలితే సగం దిగులు తీరినట్టే. బతికున్న క్రిమితో చేసే టీకాలు ఎప్పుడు వేయాలో ఆయనే చెబుతారు. మిగతావి మానొద్దు.

రొయ్యలగుంట | అల్లూరు

అందరూ మనుషులు, ఆవుల గురించే చెబుతున్నారు. మా రొయ్యలకు థైమస్ ఉందా లేదా? తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలు గుంటలు పోతున్నాయి. కోళ్ళకు టీకా ఉంది, ఆవులకు ఉంది, రొయ్యకు ఎందుకు లేదు? ఇమ్యూనిటీ పెంచే ఫీడ్ అని వేలకు వేలు గుంజుతున్నారు.

ఒంగోలు_గిత్త | కొత్తపట్నం

లేదు తమ్ముడూ. థైమస్ దవడ ఉన్న వెన్నెముక జీవులకే. మన సముద్రంలో సొరకు ఉంది, పండుగప్పకు ఉంది, మొప్పల దగ్గర. రొయ్యకు వెన్నెముకే లేదు. దానికి టీ కణాలూ లేవు, యాంటీబాడీలూ లేవు. టీకా గుర్తుపెట్టుకునేది వాటిలోనే కదా. అవి లేనప్పుడు మన టీకాల్లాంటిది దానికి చేయడం కుదరదు.

బైపీసీ_మేడం | ఒంగోలు

రొయ్య గ్రాహకాలు తరతరాలుగా వచ్చినవి, ముందే ఖరారైనవి. ముక్కలు అతికించి ఎలా పడితే అలా చేసుకోదు. అందుకని సొంత ఒంటిని కొట్టే టీ కణం పుట్టే ప్రమాదమూ లేదు, ఏరేసే థైమస్ అవసరమూ లేదు. చెల్లెమ్మకు వచ్చిన జబ్బు రొయ్యకు రాదు. కొత్త వైరస్ వస్తే మాత్రం గుంట గుంటంతా పోతుంది.

రొయ్యలగుంట | అల్లూరు

అంటే ఆ ఫీడ్ డబ్బులు నీళ్ళపాలేనా?

ఒంగోలు_గిత్త | కొత్తపట్నం

రొయ్యకు పుట్టుకతో వచ్చే రక్షణ కొంత ఉంది, రక్తకణాలు క్రిములను చుట్టుముట్టి చంపుతాయి. కొన్ని మేతలతో అది కాస్త చురుకవుతుందని చెబుతారు. డబ్బాల మీద రాసినంత ఉండదు. ఆ డబ్బుతో, వైరస్ లేదని పీసీఆర్ పరీక్ష చేసిన సీడ్ (రొయ్య పిల్లలు) కొను. రిపోర్టు నీ కళ్ళతో చూడు, హేచరీ వాడి మాట మీద పోవద్దు. పక్క గుంటలో తెల్లమచ్చ వస్తే ఆ నీళ్ళు నీ గుంటలోకి తోడకు. పీతలు, కాకులు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోకుండా వల కట్టు. చచ్చిన రొయ్యల్ని కాలువలో పారేయకు, కింద అల్లూరు వాళ్ళంతా నీ అన్నదమ్ములే.